పాటల్లేని బండి

అద్దెలకి బండి తోలే బుల్లయ్యకి కంటినిండా నిద్రపట్టి రెండేళ్లు దాటింది. గుంటూరు మిర్చి యార్డులో ఆయన సుమో పోయింది, దానితోపాటే నిద్రా పోయింది. యార్డు సంగతి తెలిసినవాళ్లెవరూ ఆయన్ని తప్పుపట్టరు. సీజన్లో అక్కడ బండి దిగితే తాళంచెవి బండికే వదిలెయ్యాలి. లారీలూ ట్రాక్టర్లూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడే చోట, తాళం జేబులో వేసుకుని టీకి పోయినవాణ్ణి వెనకవాడు ఏడు తరాల వెనక్కి వెళ్లి మరీ తిడతాడు. దారి కావలసినవాడు ఎక్కి కాస్త ముందుకో పక్కకో జరుపుకుంటాడు. అందరూ వదిలినట్టే బుల్లయ్యా వదిలాడు. టీ తాగి వచ్చేసరికి సుమో ఉండాల్సిన చోట ఎవరిదో ట్రాక్టరు ఉంది. ఎవరో జరిపి ఉంటార్లే అనుకుని సాయంత్రందాకా యార్డంతా వెతికాడు, పిచ్చి మారాజు.

ఆ తర్వాత పోలీసు స్టేషను చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. చివరికి భార్య వెంకటేశ్వరమ్మ, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం నల్లరేగడి అమ్మి మొగుడి చేతిలో పెట్టింది. ఆమె తమ్ముడు కోటేష్ ఒంగోలులో పాత బండ్ల బేరాలు చేస్తాడు. వాయిదాలు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు పట్టుకొచ్చిన బండి అని చెప్పి తెల్ల బొలేరో ఒకటి తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. ఇప్పుడు వాళ్లకి పొలమైనా పుట్రైనా అదే. మార్టూరు గ్రానైటు షావుకార్లని ఒంగోలు తిప్పినా, మిరపకాయల రైతుల్ని గుంటూరు చేర్చినా ఆ బండి మీదే. ఇంతలో తోటి డ్రైవరు ఏసోబు కారు పట్టపగలు ఆసుపత్రి ముందు మాయమైంది. బుల్లయ్య ఆగలేక భార్యని బండెక్కించుకుని చిలకలూరిపేట బైపాసులో ఉన్న రంజాన్ షెడ్డుకి వచ్చాడు. బండిలో దొంగకి కనబడకుండా ఒక జాడ చెప్పే మిషను పెట్టించాలని.

రంజాన్ బండ్లకి వైరింగు పని చేస్తాడు. చెయ్యి మంచిది, మనసూ మంచిదే, నోరే ఆగదు. బల్ల మీద మూడు డబ్బాలు పరిచి, సంతలో ఎడ్ల పళ్లు చూపించినట్టు ఒక్కొక్కటే చూపించడం మొదలెట్టాడు.

"ఇదుగో బాబాయ్, ఇది అయస్కాంతం రకం. వైర్లూ గీర్లూ ఏం లేవు. బండి కింద ఇనుముకి అంటిస్తే అతుక్కుపోద్ది. దీని బ్యాటరీ దీనికే ఉంది. నాలుగైదు రోజులకోసారి పీకి, సెల్‌ఫోన్‌కి పెట్టినట్టు చార్జింగ్ పెట్టుకోవాలంతే."

"ఎవరు పీకాలి?"

"ఎవరో ఎందుకు, నువ్వే."

"బండి కిందికి దూరే నడుం నాకింకా మిగిలుందనుకుంటున్నావురా?" అన్నాడు బుల్లయ్య.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కొంగుతో విసురుకుంటున్న వెంకటేశ్వరమ్మ ఊరుకోలేదు. "ఈయన చార్జింగ్ పెట్టడం మర్చిపోయిన రోజే వస్తాడయ్యా దొంగ. మా అదృష్టం నీకు తెలీదు. పైగా వానాకాలం మా ఊరి డొంక దారిలో ఒక్కసారి పోయొస్తే ఆ డబ్బా మీద గంపెడు బురద అంటుకుంటది."

రంజాన్ నవ్వి రెండోది తీశాడు. అది సిగరెట్ వెలిగించుకునే బొక్కలో గుచ్చేది. పెట్టడం తేలిక, పీకడం ఇంకా తేలిక. దాన్ని ఎవరూ ఏమీ అనకముందే తనే పక్కకి నెట్టేశాడు.

"ఇదీ అసలు సరుకు," అని మూడోది అరచేతిలో పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, నల్లగా ఉంది. "ఇందులో సిమ్ము ఉంటది. నువ్వు మెసేజీ కొడితే బండి ఎక్కడుందో అంకెలు పంపుద్ది. ఆ అంకెలు నెట్ సెంటర్లో కొడితే మ్యాపులో చుక్క పడుద్ది. ఫోను చేశావనుకో, ఎత్తుద్ది. బండిలో వాళ్లు మాట్లాడుకునే మాటలు నీ చెవిలో పడతయ్. దొంగ వెధవ ఏ ఊరి పాట పాడుతున్నాడో కూడా వినొచ్చు."

"కరెంటు?"

"హాఁ, అక్కడుంది కిటుకు. చాలామంది తాళం తిప్పితే వచ్చే లైనుకి కలిపేస్తారు. తాళం తీశావా, బండితోపాటు ఇదీ పడుకుంటది. దొంగ వచ్చేదేమో బండి ఆగున్నప్పుడాయె. కాపలా కుక్క ఇంట్లోవాళ్లతోపాటు పడుకుంటే ఎట్టా? అందుకని బ్యాటరీ నుంచి తిన్నగా లైను లాగుతాను, మధ్యలో చిన్న ఫ్యూజు. వాడు బ్యాటరీ తీగ పీకినా ఫర్లేదు, దీని కడుపులో ఇంకో చిన్న బ్యాటరీ ఉంది. ఆ పూటకి ప్రాణం నిలబెట్టుకుంటది."

"బండి వారం పది రోజులు కదలకపోతే అసలు బ్యాటరీ దిగిపోదూ?"

"తాగుద్ది, కాదన్ను. అందుకే తక్కువ తాగేదాన్ని చూసి తెప్పించా. నీ బండి ఎప్పుడు కదలకుండా ఉంది గనక? ఇహ పెట్టే చోటు. ఇనుము కింద పెడితే దానికి ఆకాశం అందదు, జాడ చెప్పలేదు. పైన ప్లాస్టిక్ ఉన్న చోట పెట్టాలి. ఎక్కడ పెట్టానో నీకొక్కడికే చూపిస్తా. పిన్నికి కూడా చెప్పొద్దు."

"బాగుందయ్యా!" అంటూ లేచి నిలబడింది వెంకటేశ్వరమ్మ. "నా పొలం అమ్మి కొన్న బండిలో నాకు తెలియకూడని మూల ఒకటా? పద, నేనూ చూస్తా."

చెప్పొచ్చేదేమిటంటే, ఆవిడ అట్లా లేచి వెళ్లకపోతే ఈ కథ ఇంకోలా నడిచేది. వెళ్లింది. బండి పక్కన నిలబడి, కొంగు నడుముకి దోపుకుని మరీ చూసింది.

బొలేరో తలుపు తియ్యగానే మిరపకాయల ఘాటు గుప్పుమంది. ఎన్నిసార్లు కడిగినా ఆ సీట్లకి ఆ వాసన వదలదు. రంజాన్ తల లోపల పెట్టీపెట్టగానే ఒక్క తుమ్ము తుమ్మాడు.

"ఒంటి తుమ్ము!" అంది వెంకటేశ్వరమ్మ. "ఆగు ఆగు. కాసిన్ని మంచినీళ్లు తాగి మొదలెట్టు."

"పిన్నీ, మీ బండిలో ముక్కు పెడితే దేవుడైనా తుమ్ముతాడు."

"అయితే ఆయన్నీ కూర్చుని నీళ్లు తాగమంటాను. కూర్చో."

రంజాన్ బుద్ధిగా కూర్చుని నీళ్లు తాగాడు. బుల్లయ్యకి నవ్వొచ్చింది కానీ, నవ్వడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి కదా. షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి తాళాల గుత్తిని తడిమింది. ఆ గుత్తిలో బొలేరో తాళంచెవి పక్కనే సుమోది రెండో తాళంచెవి ఇంకా ఉంది. సుమో లేదు. అయినా పారెయ్యడానికి చెయ్యి రాలేదు. వెంకటేశ్వరమ్మ కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

నీళ్లు తాగిన రంజాన్ మళ్లీ బండెక్కాడు. డ్యాష్‌బోర్డు మధ్యలో టేపు రికార్డరు ఉండాల్సిన చోట చతురస్రంగా ఒక బొక్క. అందులో నిమ్మకాయ ఒకటి, చిల్లర, ఎవరో పాసింజరు మర్చిపోయిన బొత్తాం.

"ఇంకా టేపు పెట్టించలేదా బాబాయ్? కొన్నప్పుణ్ణించీ ఇట్టాగే ఉంది."

"కొన్నప్పుడే లేదురా. ఎవరో పీకేసుకున్నారు. నేనూ పెట్టించలా."

మార్టూరులో ఈ బొలేరోని పాటల్లేని బండి అంటారు. దూరాలు పోయే షావుకార్లు, ఏందయ్యా బుల్లయ్యా, శవం బండిలో కూర్చున్నట్టుంది, ఒక పాటైనా పెట్టవూ అని గోలపెడతారు. సుమోలో ఉండేది మంచి సెట్టు. పాత పాటలు పెట్టుకుని, స్టీరింగు మీద దరువేసుకుంటూ తోలేవాడు. అది పోయాక పాటంటేనే ఒక రకమైన విసుగు పుట్టింది. పెట్టిద్దాంలే, పెట్టిద్దాంలే అనుకుంటూ ఏడాది గడిపేశాడు.

రంజాన్ ఆ బొక్కలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, పైకి తడిమాడు. మోచెయ్యి దాకా పోయింది. ఉన్నట్టుండి మాట ఆపేశాడు. రంజాన్ మాట ఆపడమంటే మామూలు విషయం కాదు. బుల్లయ్య స్తంభం వదిలి దగ్గరికొచ్చాడు.

"ఏందిరా? పాముందా ఏంది?"

"బాబాయ్, నేను పెడదామనుకున్న చోట ఎవరో ముందే పెట్టారు."

చెయ్యి బయటికి తీశాడు. నల్ల టేపు చుట్టిన చిన్న డబ్బా. రెండు తీగలు వేలాడుతున్నాయి. బల్ల మీద ఉన్న మూడోదాని పక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి రెండూ.

బైపాసు మీద పత్తి లారీ ఒకటి హారన్ మోగించుకుంటూ పోయింది.

"ఫైనాన్స్ వాళ్లు పెట్టిందై ఉంటదిలే," అంది వెంకటేశ్వరమ్మ.

"వాళ్లదైతే బండి అమ్మేటప్పుడు తీసుకోరా పిన్నీ?" రంజాన్ తీగలు పట్టుకుని చూశాడు. గొంతు తగ్గిపోయింది. "ఎవడో చాతగానోడు కలిపాడు దీన్ని. బ్యాటరీ నుంచి లైను లాగలేదు. బద్ధకించి టేపు రికార్డరు వైరుకి ముడేశాడు. బండి తీసుకుపోయినోళ్లు టేపు పీకేసరికి దీనికి తిండి ఆగిపోయింది. ఇదొకటి ఉందని కూడా వాళ్లకి తెలిసుండదు. ఆ బొక్కలో నువ్వు ఒక్క టేపు రికార్డరు పెట్టించి ఉంటే బాబాయ్, ఇది ఆ రోజే లేచి కూర్చునేది."

బుల్లయ్యకి అర్థం కాకపోవడమేం లేదు. అర్థమైంది కిందికి దిగడానికే టైము పట్టింది. దొంగలకి భయపడి దాచుకునే మిషను ఇది. దాన్ని దాచుకున్నవాడు ఎవడో ఉన్నాడు. ఆ ఎవడో ఒకడు పొద్దున్నే లేచి బండి పెట్టిన చోటికి వచ్చి, అక్కడ ఖాళీ నేల చూసి ఉంటాడు.

"కోటేష్‌కి ఫోన్ చెయ్యి," అన్నాడు భార్యతో. "నేను చేస్తే ఎత్తడు. నువ్వు చెయ్యి. అందరం వినేటట్టు పెట్టు."

ఆమె చేసింది. రెండు మాటలు కుశలం అడిగి, బండిలో ఒక నల్ల డబ్బా బయటపడింది తమ్ముడూ, ఏందది అని అడిగింది. అవతల కోటేష్ దగ్గాడు.

"అక్కా, బావ పక్కనున్నాడా?"

వెంకటేశ్వరమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"లేడు," అంది.

"దాన్ని పీకి కాలవలో పారేయించక్కా. బావకి మాత్రం చెప్పొద్దు. నా మీదొట్టు, కొన్నప్పుడు దొంగబండని నాకు తెలీదు, తర్వాత తెలిసింది. అప్పటికే మీ ఇంటికి చేర్చేశా. ఏం చెయ్యమంటావు? మీ డబ్బులేమో అమ్మినోడికిచ్చేశా, వాడేమో ఫోను మార్చేశాడు. బావకి తెలిస్తే ఊరుకోడు. బండి పోగొట్టుకున్నోడు గదా, ఆ పౌరుషం వేరే ఉంటది. అక్కా, వింటన్నావా?"

ఆమె ఫోన్ కట్టేసింది. తమ్ముడి మీద కోపమో, తమ్ముడికి ఏమవుతుందోనన్న భయమో ఆమెకే తెలియదు.

నిజం చెప్పాలంటే బుల్లయ్యకి కూడా కోపం రాలేదు. కోపానికి కాస్త వయసుండాలి. అలసట ఒక్కటే, ఒంటి నిండా, ఎండలో తిరిగొచ్చినట్టు.

"రంజానూ, ఆ సిమ్ము తియ్యి."

"ఎందుకు?" వెంకటేశ్వరమ్మ అడ్డం వచ్చింది. "ఎందుకు తియ్యడం? వాడు చెప్పినట్టు కాలవలో పడేస్తే పోద్ది. ఏమయ్యా, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్ది. నా తమ్ముడు జైలుకి పోతాడు. బండి పోలీసోళ్లు పట్టుకుపోతారు. ఇహ మనం ఏం చేసుకు బతుకుతాం? అమ్ముకోడానికి ఇంకో ఎకరం కూడా లేదు నా దగ్గర."

"చూస్తానంతే. ఇన్నాళ్లయింది గదా. రీచార్జ్ లేకుండా సిమ్ము ఎప్పుడో చచ్చిపోయి ఉంటది. చచ్చిపోయిందని తెలిస్తే నేనే తీసుకెళ్లి కాలవలో పడేస్తా."

"చచ్చిపోకపోతే?"

బుల్లయ్య ఆమె కేసి చూడకుండా అన్నాడు. "మన సుమో తీసుకుపోయినోడు ఎవరికో అమ్మే ఉంటాడు గదే. కొన్నోడికీ ఒక పెళ్లాం ఉండే ఉంటది. సంగతి తెలిసిన రోజున ఆ మనిషీ ఇప్పుడు నువ్వన్న మాటే అని ఉంటది. తప్పేం లేదు. ఆమె బతుకు ఆమెది. కానీ ఆ మాట అనబట్టేగా నేను రెండేళ్లుగా పడుకోలా."

వెంకటేశ్వరమ్మ కుర్చీలో కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. పుట్టింటి మట్టి అమ్ముకున్న మనిషి.

రంజాన్ టేపు చించి, డబ్బా విప్పి, సిమ్ము తీశాడు. బుల్లయ్య తన ఫోనులోని సిమ్ము తీసి జేబులో వేసుకుని ఇది పెట్టాడు. చచ్చిపోయి ఉండు తల్లీ అని మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో దేవుణ్ణి అడిగిన కోరికలన్నిటిలో ఇంత సిగ్గుమాలిన కోరిక ఇంకోటి లేదని ఆయనకీ తెలుసు.

ఫోను వెలిగింది. సిగ్నలు గీతలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

"ప్రాణం ఉంది," అన్నాడు రంజాన్ మెల్లగా. "ఎవరో ఇంకా రీచార్జ్ చేయిస్తన్నారు బాబాయ్. పోయిన బండిలో సిమ్ముకి."

బుల్లయ్య వేళ్లు జేబులో సుమో తాళంచెవిని పట్టుకున్నాయి. రీచార్జ్ చేయించడం, తాళంచెవి దాచుకోవడం, రెండూ ఒకే పిచ్చి. ఆ పిచ్చి ఎట్లాంటిదో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంతలో ఫోను టింగుమంది. వెంటనే మళ్లీ. మళ్లీ. మెసేజీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. అన్నీ ఒకే నంబరు నుంచి, అన్నిట్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క మాట.

"ఏముందిరా అందులో?"

"ఎక్కడ అని ఉంది. మిషన్ని అడగాల్సిన మాట అదే. అది పంపితే మిషను తనెక్కడుందో చెబుతుంది." రంజాన్ తేదీలు చూశాడు. "నిన్నటిదొకటి, మొన్నటిదొకటి, ఇవాళ పొద్దున్నదొకటి. అంతకు ముందువి కంపెనీవాళ్లు ఉంచరు, కొట్టేస్తారు. రోజూ అడుగుతానే ఉన్నట్టున్నారు బాబాయ్. ఎన్నాళ్లబట్టో."

ఉన్నట్టుండి రంజాన్ నుదురు కొట్టుకున్నాడు.

"అబ్బా! మెసేజీ అందితే, అందిందని పంపినోళ్లకి కబురు పోద్ది! ఇప్పుడు వాళ్ల ఫోను మోగే ఉంటది. సిమ్ము తియ్యి బాబాయ్, ముందు సిమ్ము తీసెయ్యి!"

బుల్లయ్య ఫోను వెనక మూతకి వేలు ఆనించాడు. ఆనించాడే గానీ తియ్యలేదు. ఆ లోపే ఫోను మోగింది.

అదే నంబరు.

వెంకటేశ్వరమ్మ లేచి వచ్చి మొగుడి మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. ఎర్ర బొత్తాం ఆమె బొటనవేలి కిందే ఉంది. నొక్కితే పాటల్లేని బండి వాళ్లదే. సాయంత్రానికి మార్టూరు షావుకారు ఎదురు చూస్తుంటాడు. రేపు పొద్దున్నే యార్డు ట్రిప్పు ఉంది. ఫోను మోగుతూనే ఉంది.

"నీ ఇష్టం," అన్నాడు బుల్లయ్య. "పొలం నీది. బండీ నీదే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నీ నా మీద పెట్టి నువ్వు తప్పుకుంటావా?" అంది. అని, పచ్చ బొత్తాం తనే నొక్కి, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

అవతలివాళ్లు హలో అనలేదు. ఎందుకంటారు? వాళ్లు ఫోను చేసింది మనిషికి కాదు, మిషనుకి. బండిలో మాటలు విందామని చేశారు. ఎక్కడో వంటింట్లో గిన్నె మూత కిందపడ్డ చప్పుడు వినిపించింది. పరుగెత్తుకొస్తున్న అడుగులు వినిపించాయి. ఒక ఆడపిల్ల గొంతు గుసగుసగా, "అత్తయ్యా, ఎత్తింది! ఇన్నాళ్లకి ఎత్తింది! మాట్లాడకండి, లోపల ఎవరున్నారో వినబడాలి," అంది.

అవతల ఇద్దరు ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఇవతల బుల్లయ్యా అంతే. ఆ నిశ్శబ్దాన్ని ఆయన ఎక్కువసేపు మోయలేకపోయాడు.

"అమ్మా," అన్నాడు. "నా పేరు బుల్లయ్య. మీ తెల్ల బొలేరో నా దగ్గరుంది. నేను దొంగని కాదమ్మా, తెలియక కొనుక్కున్నా. బండి బాగానే ఉంది. గీత కూడా పడనివ్వలేదు. వచ్చి తీసుకెళ్లండి."

అవతల ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఈసారి ముసలి గొంతు. ఏడుపు లేదు అందులో, ఏడ్చి ఏడ్చి ఎండిపోయినట్టుంది.

"బండి ఉంచుకో నాయనా, నీకే ఇచ్చేస్తాం," అంది ఆమె. "ఆ రోజు ఆ బండి తోలుకుంటూ పోయిన మా అబ్బాయి ఏడీ?"